అడుగున్నర

పరకాల ఫైర్‌స్టేషన్ల ఇరవై ఆరేండ్లు బండి నడిపిన.
రిటైరైన నాడు శాలువ కప్పిండ్రు, గోడ గడియారం ఇచ్చిండ్రు.
నాకు తెలిసిన టైము ఒక్కటే –
ఎంత ఆలస్యమైందో అది.

ఏడో వార్డుకు నామినేషన్ ఏస్తానంటే
కోమల చెరుగుతున్న చేట ఆపింది.
"గిన్నేండ్లు మింగిన పొగ సాలలేదా?"
అని, మల్ల తనే
డిపాజిట్ పైసలు పోపుల డబ్బల నుంచి తీసిచ్చింది.

గుర్తులు పంచిన్నాడు
జగ్గు ఒకనికి పోయింది, ఈల జితేందర్‌కు.
నాకు గ్యాస్ పొయ్యి.
ఎన్నికల సారు సుత మీసం చాటున నవ్విండు.
మంటలార్పినోడు ఊరంత తిరుక్కుంట చెప్పాలె –
పొయ్యికే మన ఓటు!

కాయితం ఒక్కటే, నా చేతిరాత:
నీళ్ల ట్యాంకరు, మోటరు, రెండు వందల అడుగుల పైపు,
పత్తి ఇంట్ల పోసుకున్నోళ్లు
పొయ్యి ఏడ పెట్టద్దో రెండు ముక్కలు.
సదివినోళ్లు ఎనకకు తిప్పి చూసిండ్రు.
ఇంకేమన్న రాసి ఉన్నదా అని.
"సీసీ రోడ్డు మాటేంది?"
"మా అత్త పించను?"
"మనిషికెంత?"
"అంటుకున్ననాడు చూసుకుందాం తియ్యే మామా."

ఓదెమ్మ ఇంటి కాడ కాళ్లు ఆగినయ్.
రేకులు కొత్తయి. దూలం పాతది,
ఒక పక్క ఇంకా నలుపే.
రా అనలే, కూసో అనలే.

"ఆ రాత్రి నీ బండి మోత ఇన్న.
దగ్గరికొచ్చింది. ఇగ వచ్చిండ్రనుకున్న.
మూల కాడ బండి ఆగింది,
మోత ఆగలే.
బర్రె గొలుసు కాలి ఎర్రగున్నది, ముట్టరాలే.
అది ఒర్లుడు, నీ బండి ఒర్లుడు –
రెండూ ఇనుకుంట నిలవడ్డ."

ఏమనాలె.
బండి ఎనిమిదడుగులు, గల్లి ఆరున్నర.
పైపుకు పైపు జోడించి అందించేసరికి
మేం తడిపింది బూడిదనే.

"ఓటు సంగతి ఎనక.
ఆ మూల మీద అరుగు ఎవలది?"

మా నాయినది.
కండెలు చుట్టుకుంట ఆయన కూసున్నది,
మా అవ్వను ఆఖరుకు పండవెట్టింది, దాని మీదనే.
ఇరవై ఊర్ల గల్లీలు కళ్లతోని కొలిచిన నేను
నా అరుగు దిక్కు టేపు గుంజలే.

తెల్లారి గడ్డపార పట్టిన.
పోరగాళ్లు వీడియో తీసిండ్రు,
ప్రచారం కొత్తగున్నదన్నరు.
రెండో బండ లేపితే
కింద నాయిన నాడె, ఎలుకలు కొరికిన నాడె.
దాన్ని జేబుల పెట్టుకున్న, అది జేబుల పట్టలే.
కోమల టేపు పట్టి సదివింది: అడుగున్నర.

పందొమ్మిది ఓట్లతోని ఓడిన.
ఆ రాత్రి ఊరంత ఈలలే.
ఓదెమ్మ ఎవలికేసిందో
నేను అడగలే, ఆమె చెప్పలే.

ఇప్పుడు జితేందర్ కారు
అరుగు పోయిన జాగల
కొలిచి తెచ్చినట్టు పడ్తది.
రోజూ రాత్రి తొమ్మిదింటికి తలుపు కొడ్తాన:
"మెంబరు సాబ్, బండి తియ్యి."
గొణుక్కుంట తీస్తడు. తెల్లారి మల్ల పెడ్తడు.
గిదే నా పదవి.

మొన్న జరమొచ్చి దుప్పటి కప్పుకున్న.
గోడ గడియారం తొమ్మిది కొట్టింది,
తొమ్మిదింబావు అయింది.
లేవబోతే కోమల భుజం పట్టి పండవెట్టింది.

గంతల మూల కాడ
కట్టెతోని తలుపు కొడ్తున్న చప్పుడు,
ఎనక ఓదెమ్మ గొంతు –
"ఓ మెంబరూ, తియ్యవయా బండి."